తొమ్మిది గంటల ఆరు నిమిషాలు

నిండితే పొంగని బకెట్ ఒకటి మా క్వార్టరు వెనకాల ఉండేదని నేను చాలామందికి చెప్పాను. నీళ్లు అంచు దాకా వస్తాయి, ఇంకొక్క చుక్క పడగానే పొర్లకుండా, చప్పుడు లేకుండా మొత్తం ఖాళీ అయిపోతుంది. మళ్ళీ అడుగున ఒక్క చుక్కతో మొదలు. మా నాన్న దాన్ని గనిలోంచి తెచ్చాడని, భూమి లోపలి వస్తువులకు పైనున్న వస్తువుల బుద్ధులు ఉండవని కూడా కలిపేవాణ్ణి. విన్నవాళ్ళు సగం నమ్మేవాళ్ళు. గోదావరిఖనిలో పెరిగినవాడికి సగం నమ్మడం అలవాటే. మనం కూరగాయలు బేరమాడుతున్న చోటికి కింద, ఎంతో లోతున, ఎవరో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నారంటే పరాయి ఊరివాడు నమ్ముతాడా? అది మాత్రం నిజం.

బకెట్ అబద్ధం. కానీ నలభై ఏడో ఏట అది నాకు ఎదురుపడింది, నేనే రాసిన కోడ్‌లో.

నా పని డ్రైవర్లు రాయడం. ఈ మాట చెబితే మా చుట్టాలు ఏ లారీకి అని అడుగుతారు. కంప్యూటరుకు ఏదైనా కొత్త పరికరం తగిలిస్తే, ఆ పరికరం భాష ఆపరేటింగ్ సిస్టమ్‌కు అర్థం కాదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ నేను రాసే డ్రైవరు. టైర్ల దుకాణం పైన రెండు గదుల్లో ఐదుగురం కూర్చుని చేసే పని అది. రబ్బరు వాసనకూ నా ఆలోచనకూ ఏదో లంకె ఉంది. ఇప్పటికీ కొత్త టైరు వాసన వస్తే బుర్ర పనిచేయడం మొదలవుతుంది.

రెండేళ్ల కిందట మేము ఒక గనికి ల్యాంపుల స్టాండు చేసి ఇచ్చాం. గనిలోకి దిగే ప్రతి మనిషీ ల్యాంపు రూములో తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు, పైకొచ్చాక తిరిగి ఇస్తాడు. కొత్త ల్యాంపులు వెలుగుతూనే గాలిని కూడా చూస్తాయి. ఎనిమిది సెకన్లకోసారి లోపల గ్యాసు ఎంతుందో ఒక చిన్న ముక్క రాసిపెట్టుకుంటాయి. చార్జింగుకు స్టాండులో గుచ్చగానే ఆ రోజు చూసిందంతా కంప్యూటరుకు అప్పజెప్పి, తాము మరిచిపోతాయి. ఆ అప్పజెప్పే మాటలు వినే డ్రైవరు నాది.

నాకు ఆ గది అంటే ఇష్టం. స్టాండులో వరసగా ల్యాంపులు, ఒక్కోదానికీ ఒక పచ్చ చుక్క. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే, అందులో బొగ్గు నలుసులు పైకీ కిందికీ కాక ఎటో పక్కకు ఈదుతూ ఉండేవి. ఆ వెలుగులో కాసేపు కూర్చుంటే నేను గది లోపలున్నానో, నీళ్ల అడుగునున్నానో తేలేది కాదు.

ఆ గదికి యజమాని అనదగ్గవాడు ల్యాంపులు ఇచ్చి పుచ్చుకునే కాక. కాక అంటే బాబాయి, ఊళ్ళో అందరికీ ఆయన కాకే. ముప్పైనాలుగేళ్ల సర్వీసు, రిటైర్మెంటుకు నాలుగు నెలలు. వయసు చూసి ఎప్పుడూ ఫస్టు షిఫ్టే వేసేవారు. కిటికీలోంచి చెయ్యి చాపి ల్యాంపు తీసుకుని, తుడిచి, స్టాండులో గుచ్చేది ఆయనే. కొత్త మిషన్ వచ్చినా పాత పద్ధతి ఒకటి వదల్లేదు. గోడకు చెక్క బోర్డు, దాని నిండా కొక్కేలు. దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఇచ్చి పోతాడు. పైకొచ్చి తీసుకునేదాకా అది కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. బోర్డు మీద ఎన్ని బిళ్ళలుంటే లోపల అందరు మనుషులు.

స్టాండు పెట్టిన నెలన్నరలో మూడుసార్లు మిషన్ బిగుసుకుపోయింది. మూడుసార్లూ మధ్యాహ్నం మూడు దాటాక, కాక చేత్తో ల్యాంపు గుచ్చిన క్షణాన. తెర మీద ఉన్నది ఉన్నట్టు నిలిచిపోయేది. ఆపి మళ్ళీ పెట్టాల్సిందే. ఆపి పెట్టగానే ల్యాంపు తన జ్ఞాపకం తుడిచేసుకునేది, అందుకని మర్నాడు నేను పోయి వెతికితే సాక్ష్యం ఏదీ మిగిలేది కాదు. ప్రతిసారీ పరీక్ష చేశాను. ప్రతిసారీ బాగానే ఉంది.

మూడోసారి తర్వాత క్యాంటీనులో నలుగురు నన్ను పట్టుకున్నారు.

"ఏందన్నా, నీ మిషన్ మల్ల పండుకున్నదట?"

నాకు కారణం తెలియదు. తెలియదని చెప్పడం నాకు రాదు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి చెప్పాను: ముప్పైనాలుగేళ్లు ల్యాంపులు పట్టీ పట్టీ కాక చేతుల్లోకి కరెంటు దిగిపోయింది. ఇంట్లో ఆయన రేడియో పక్కన నిలబడితే స్టేషను మారుతుంది. ఆయన ముట్టిన గడియారం రెండు రోజులు ముందుకు పోతుంది. మొన్న గంప కింది కోడిని పట్టుకుంటే, అది పెట్టిన గుడ్డు ఉడికి వచ్చింది.

"ఉడికినదే?"

"ఉప్పు ఒక్కటే తక్కువైంది."

క్యాంటీనంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే విద్యుత్ కేంద్రం పొగ గొట్టాల మీది మబ్బు గుడ్డు ఆకారంలో కనబడింది, నా కథకు ఆకాశం కూడా సంతకం పెట్టినట్టు.

వారం తర్వాత కాక మా టైర్ల దుకాణం మెట్లెక్కి వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా కీబోర్డు మీద పెట్టాడు. గనిలో ల్యాంపుల బాధ్యత చూసే ఇంజినీరు సంతకం. మిషన్‌ను చేత్తో ఏదో చేసి పాడుచేస్తున్నట్టు తెలియవచ్చింది, ఎందుకు చర్య తీసుకోకూడదో పది రోజుల్లో జవాబివ్వాలి అని అందులో ఉంది. నా కథ క్యాంటీను నుంచి ఆఫీసుకు నడిచేసరికి కోడి, గుడ్డు, రేడియో దారిలో రాలిపోయాయి. 'కాక చేతుల వల్లనే' అన్న ముక్క ఒక్కటే మిగిలి చేరింది.

"ముప్పైనాలుగేండ్ల సర్వీసుల ఒక్క కాయితం లేదురా నాకు," అన్నాడు. కోపంగా అనలేదు. "ల్యాంపు పోగొట్టిండు అని లేదు. లేటొచ్చిండు అని లేదు. గియ్యాల సార్జిషీటు అచ్చింది. నాలుగు నెలలల్ల దిగిపోయేటోన్ని."

"కాక, నేను ఉత్తగనే నవ్వులకు..."

"గా సంగతి నాకెర్కే. మిషన్ ఎందుకు ఆగుతున్నదో నీకెర్కేనా?"

"ఎర్కలేదు."

ఆ వారం నేను పలికిన మొదటి నిజం అదే.

"మరి ఎర్కలేదని చెప్తే అయిపోవు గదరా. గుడ్డెందుకు ఉడకవెట్టినవ్?"

కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టుకుని, పడిపోకుండా జేబు మీద చెయ్యి ఆనించి, ఆయన మెట్లు దిగిపోయాడు. కింద ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు నా ఛాతీలోంచి వస్తున్నట్టు వినబడింది.

మర్నాటి నుంచి ల్యాంపు రూములోనే కూర్చున్నాను. కంప్యూటరును కాదు, కాకను చూశాను. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు మధ్యాహ్నం బోర్డు మీద ఒక బిళ్ళ వీపు చూపిస్తూ వేలాడుతోంది. నంబరు గోడవైపు ఉంది.

"కాక, గా బిళ్ళ ఉల్టా ఉన్నదేంది?"

"పంపు బావది. లోపల నీళ్లు తోడే పంపు కాడ ఉంటడు. రాత్రి షిఫ్టుకు దిగిండు, పొద్దున రిలీవరు రాలే. పంపు ఇడిచిపెట్టి ఎట్లొస్తడు, నీళ్లు నిండవా? డబుల్ డ్యూటీ. డబుల్ చేసెటోని బిళ్ళ నేను తిరగేసి పెడ్త. ఈ మనిషి పొద్దుగాలనే రావాలె, రాలే, ఫికర్ లేదు, లోపలనే పనిల ఉన్నడు అని యాదికి." ల్యాంపు తుడుస్తూ మామూలుగా అన్నాడు: "నీ మిషన్ పండుకునేది గూడ గీ బిళ్ళ తిరగవడ్డ దినమే."

"ఏందీ?"

"మూడు సార్లు పండుకున్నది. మూడు సార్లు గీ పంపు బావ డబులే."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడిగినవా? నువ్వు వైర్లు చూసుకుంట కూసున్నవ్."

చేతివేళ్ల మీద లెక్క మొదలైంది. ఎనిమిది సెకన్లకొక ముక్క. ఎనిమిది గంటల షిఫ్టుకు మూడువేల ఆరువందల ముక్కలు. ముక్కకు పదహారు బైట్లు. మొత్తం యాభైఏడువేల ఆరువందలు. డ్రైవరులో ఆ మొత్తాన్ని పెట్టుకునేందుకు నేను వాడిన డబ్బాలో పట్టే అతి పెద్ద అంకె అరవైఐదువేల ఐదువందల ముప్పైఐదు. రాసిన రోజు ఈ లెక్క వేసుకుని, ఇంకా బోలెడు చోటు మిగిలిందని మురిసిపోయాను కూడా. మరి పదహారు గంటలకు? లక్షా పదిహేనువేల రెండువందలు. ఆ డబ్బా అంచు దాకా నిండింది, చప్పుడు లేకుండా ఖాళీ అయింది, మళ్ళీ మొదలైంది, నలభైతొమ్మిదివేల చిల్లర దగ్గర ఆగింది.

నా బకెట్.

తర్వాత జరిగేది మన కాలనీ భాషలో చెబుతాను. ల్యాంపు లారీడు సామాను తెస్తోంది. డ్రైవరు తప్పు లెక్క చూసి దానికి ఒంటిగది క్వార్టరు రాయించింది. సామాను దించేవాడు మాత్రం లెక్క చూడడు, లారీ ఖాళీ అయ్యేదాకా దించుతూనే ఉంటాడు. గది నిండాక గోడ అవతల, పక్కవాళ్ల వంటింట్లో, వాళ్ల మంచం మీద, పొయ్యి మీద పెడతాడు. మామూలు ప్రోగ్రాములో ఇది జరిగితే ఆ ఒక్క ప్రోగ్రామే చస్తుంది. డ్రైవరు ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో. అక్కడ పక్కవాడి మంచం మీద బీరువా పెడితే ఊరంతా ఆగిపోతుంది.

సిగ్గు వేసింది అంకెకు కాదు. నేను ఎవరి కొడుకుని? మా నాన్న డబుల్ చేసిన రోజుల్లో అమ్మ అన్నం గిన్నె మీద మూత మార్చి మార్చి పెట్టడం చూసినవాణ్ణి. మనిషి దిగితే ఎనిమిది గంటలకు ఠంచనుగా పైకొస్తాడని పరాయి ఊరి ఇంజినీరు అనుకుంటే అనుకోవచ్చు. నేను ఎలా అనుకున్నాను?

పంపు బావ ల్యాంపును ఆ రోజు స్టాండులో గుచ్చొద్దని కాకకు చెప్పి, ఇంజినీరు దగ్గరికి పోయాను. ఆయన తండ్రి కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో ఇంకా ఆ యాసే. మంచివాడు, కాగితాన్ని నమ్మే మనిషి.

"చూడండి, మొన్న చేతుల్లో కరెంటు అన్నారట. ఇవాళ డబ్బా, బకెట్ అంటున్నారు. రేపు ఇంకేమంటారో! మీ మాట పట్టుకుని నేనేం రాయనండీ?"

"నా మాట వద్దు సార్. ల్యాంపు మాట వినండి. నా డబ్బా నిండటానికి తొమ్మిది గంటల ఆరు నిమిషాలు పడుతుంది. రెండు ల్యాంపులు పొద్దున ఏడుకు మీ చేత్తో వెలిగించి మీ బల్ల మీద పెట్టుకోండి. నాలుగూ ఆరుకు డబ్బా నిండుతుంది. నాలుగూ ఐదుకు ఒకటి మీరే గుచ్చండి, ఏమీ కాదు. నాలుగూ పదికి రెండోది గుచ్చండి, మిషన్ ఆగుతుంది. కాక ఆ గది గడప కూడా తొక్కడు."

"ఆగకపోతే?"

"ఆ కాగితం నా పేరు మీద రాయండి."

ఆ రోజు నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైన రోజు, అన్నిటికన్నా మెత్తటిది కూడా. ఏడింటికి రెండు ల్యాంపులు పట్టపగలు ఆఫీసు బల్ల మీద వెలిగాయి. పగటి వెలుతురులో గని దీపం ఎంత ఒంటరిగా ఉంటుందో అంతకు ముందు నాకు తెలియదు. బయట వరండాలో బల్ల మీద, ఆ రోజుకు సెలవు పెట్టిన కాక, నేను. వాన పడుతూ, ఆగుతూ ఉంది. ఎనిమిది సెకన్లకోసారి లోపల రెండు ల్యాంపులు ఒకేసారి గాలిని రుచి చూస్తున్నాయి, రాసుకుంటున్నాయి. ఆ చప్పుడు లేని చప్పుడు నాకు వినిపించింది. ఇది అబద్ధమని ఎవరైనా అంటే నేను వాదించను.

పన్నెండింటికి కాక టిఫిన్ విప్పి సగం నాకు తోశాడు. జొన్న రొట్టె, వంకాయ. తిన్నాక కునుకు పట్టింది. కునుకులో కాక బోర్డు గోడ దిగి, నేల దిగి, గని లోపలికి పరుచుకుంటూ పోయింది. కొక్కేలు, కొక్కేలు. ఒక్కోదానికీ ఒక బిళ్ళ. మా నాన్న బిళ్ళ ఎక్కడో ఉందని తెలుసు, అది తిరగేసి ఉంది గనుక ఫికర్ లేదని కూడా తెలుసు. చివరి కొక్కేనికి చివరి బిళ్ళ తగిలించగానే బోర్డంతా ఒక్కసారి ఖాళీ అయింది. లోపల ఎవరూ లేరని బోర్డు చెబుతోంది. లోపలి నుంచి మాత్రం మాటలు వినబడుతున్నాయి. భయంతో మెలకువ వచ్చింది. మూడున్నర. పక్కన కాక నిటారుగా కూర్చుని ఉన్నాడు, జేబు మీద చెయ్యి పెట్టుకుని.

"కలవరించినవ్," అన్నాడు.

"ఏమన్న?"

"నాన్న అన్నవ్."

నాలుగూ ఐదుకు ల్యాంపు రూములో ఇంజినీరు మొదటి ల్యాంపు గుచ్చాడు. పచ్చ చుక్క వెలిగింది. మిషన్ చక్కగా చదువుకుంది. ఆయన నా వైపు చూసి, తన గడియారం చూసుకున్నాడు. ఆ ఐదు నిమిషాల్లో నాకు దేవుళ్లందరూ గుర్తొచ్చారు, మొక్కులు తీర్చనివాళ్లతో సహా. కాక గడప అవతలే, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడ్డాడు, చేతుల మీద ఎవరికీ అనుమానం రాకుండా.

నాలుగూ పది. రెండో ల్యాంపు. టక్కున గుచ్చిన చప్పుడు.

తెర మీద గడియారం సెకన్ల ముల్లు ఆగిపోయింది.

ఒక మిషన్ చచ్చిపోతే అంత సంతోషపడ్డ మనిషిని ఆ గోడలు చూసి ఉండవు. ఇంజినీరు తన చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "నా చేతిలో కూడా కరెంటుందా ఏంటండీ?" అని, నవ్వు ఆపుకుంటూ కాగితం కోసం సొరుగు లాగాడు. కాక మీద రాసింది వెనక్కు తీసుకుంటున్నట్టు అక్కడే రాసి సంతకం పెట్టాడు. పాత కాగితం కాక జేబులోంచి తీసి ఇవ్వడానికి కొంచెం సేపు పట్టింది. మడతలు తడిసి అతుక్కుపోయాయి.

మిగిలింది నా డ్రైవరు. పెద్ద డబ్బా వాడితే సరిపోతుందని మొదట అనుకున్నాను. పెద్దదానికీ ఒక అంచుంటుంది కదా. ఆ ఆలోచనతోనే మర్నాడు మధ్యాహ్నం ల్యాంపు రూములో కూర్చుంటే షిఫ్టు వదిలారు, కిటికీ దగ్గర చేతులు గుంపుగా లోపలికొచ్చాయి. కాక ఒక్క ల్యాంపూ ముట్టలేదు. ముందు వెనక్కి తిరిగి స్టాండు చూశాడు.

"ఆగుండ్రి! పన్నెండు ఖాళీలున్నయ్. పన్నెండు మందే రాండ్రి."

"ముందుగాల తీసుకొని తర్వాత సూసుకుంటే ఏమైతది కాక?" అని అడిగాను.

"తీసుకున్నంక ఎక్కువైతే ఏడ పెట్టాలె? నీ నెత్తి మీదనా?"

నా కోడ్‌లో నేను ముందు గుణించి, ఆ వచ్చిన అంకె పట్టిందా అని తర్వాత అడుగుతున్నాను. అప్పటికే అది నిండి ఖాళీ అయి, అమాయకంగా చిన్న ముఖం పెట్టుకుని నిలబడి ఉంటుంది. పట్టింది అనే చెబుతుంది. ఆ సాయంత్రమే తిరగరాశాను. ముందు ఉన్న చోటును పదహారుతో భాగించి, ఎన్ని ముక్కలు పడతాయో తేల్చాలి. ల్యాంపు చెప్పే సంఖ్య అంతకు మించితే గుణకారం దాకా పోకుండానే, ఆగు, విడతలుగా ఇవ్వు అనాలి. ల్యాంపు ఎంత మర్యాదస్తురాలైనా దాని మాట అలాగే నమ్మి చోటు కేటాయించకూడదు. ఇలాంటి లెక్క మన బదులు సరిచూసే సాధనాలు కెర్నెల్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే ఉన్నాయి. నేను బద్ధకించి వాడలేదు. వాడాను.

తర్వాత పరీక్షలు. నిండడానికి ఒక్క ముక్క తక్కువ, సరిగ్గా నిండినంత, ఒక్కటి ఎక్కువ. అవి అయ్యాక నా చేతికి తగిన పని దొరికింది. ఒక అబద్ధాల ల్యాంపు తయారుచేశాను. నేను ముప్పైనాలుగేళ్లుగా పైకి రాలేదు అంటుంది. నేను అసలు దిగనే లేదు, అయినా కోటి ముక్కలు తెచ్చాను అంటుంది. డ్రైవరు దాని ప్రతి కోతనూ వినాలి, దేన్నీ నమ్మకూడదు, పడిపోకూడదు. మా ఆఫీసులో మిగతా నలుగురూ ఎంత ఆలోచించినా నా అంత బాగా దానికి అబద్ధాలు నేర్పలేకపోయారు. వారం రోజులు అది ఎన్ని చెప్పినా మిషన్ నిలబడింది. గనిలో ఆ స్టాండు ఆ తర్వాత ఆగలేదు. పంపు బావ డబుల్ చేస్తూనే ఉన్నాడు, బిళ్ళ తిరగబడుతూనే ఉంది.

కాక నాకు ఒకే ఒక శిక్ష వేశాడు. ఎక్కడ అబద్ధం చెప్పానో అక్కడే నిజం చెప్పాలి. క్యాంటీనులో లేచి నిలబడి, డబ్బా, గుణకారం, తొమ్మిది గంటల ఆరు నిమిషాలు అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"గిది మంచిగ కుదరలేదన్నా," అన్నాడు ఒకడు చివరికి. "గుడ్డు కతనే మస్తుండె."

నాలుగు నెలలు గడిచాయి. కాక దిగిపోయే రోజు ల్యాంపు రూము ముందు టెంటు వేసి, దండ వేసి, శాలువా కప్పారు. సర్వీసులో ఒక్క కాగితం లేదని ఇంజినీరు మైకులో చెప్పినప్పుడు కాక చెయ్యి అలవాటుగా జేబు మీదికి పోయింది. జేబు ఖాళీ. చెయ్యి దించేశాడు.

అప్పుడు క్యాంటీను వాళ్ళు ఒక పళ్ళెం తెచ్చారు. అందులో ఒకే ఒక కోడిగుడ్డు, పచ్చిది. పక్కన ఉప్పు పొట్లం.

"ఒక్కసారి ఉడకవెట్టు కాక!"

నాకు నేలలోకి, అంటే గనిలోకి, దిగిపోవాలనిపించింది. కాక నా వైపు చూశాడు. తర్వాత గుడ్డును రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది, నలుసులు పక్కకు ఈదుతున్నాయి. నిజం తెలిసిన ఇంజినీరు కూడా కుర్చీలో ముందుకు వంగాడు. ఒక క్షణం, ప్రమాణంగా, నేనే నమ్మాను.

కాక కళ్లు తెరిచాడు. గుడ్డును భద్రంగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"గింత జల్ది ఉడుకుతదా? నాలుగూ ఆరుకు ఇంటికి రాండ్రి. ఉప్పు మీరే తెచ్చుకోండ్రి."